పసరు గడ్డకట్టిన పూట

పోయిన వారం వీరేష్ అరచేతిలో పోసిన ఆకుపసరు గడ్డకట్టిన చోట ఆపాను. అది గట్టిపడీ పడకముందే మీలో సగంమంది శివజ్యోతి మీద ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారని నాకు తెలుసు. కోడలు కదా, పైగా దూరపు ఊరి కోడలు. నేనూ ఈ కర్నూలు జిల్లాలో పుట్టి పెరిగినదాన్నే. మనవాళ్ల అనుమానం ముందు ఎటువైపు నడుస్తుందో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి. కోడుమూరుకు ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో వీరేష్ బోరు మోటార్ల మెకానిక్. చెడిపోయిన మోటారును మూడు వందల అడుగుల లోతు నుంచి పైపులతో సహా పైకి లాగి, బాగుచేసి, మళ్లీ దించేవాడు. ఎద్దులాంటి మనిషి. పోయిన ఏడాది మే నెలలో కరోనా తగిలి కర్నూలు ఆస్పత్రిలో పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. బతికి బయటపడ్డాడు. నెగెటివ్ వచ్చిందని తల్లి ఉరుకుందమ్మ ఈరన్న స్వామికి టెంకాయలు కొట్టింది. ఇంకేం, గండం గడిచిందనుకున్నారు అందరూ.

మూడో నెలలో మొదలైంది అసలు కష్టం. జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చేసింది. వాకిలి నుంచి వీధి కొళాయి దాకా నడిస్తే కూలబడి రొప్పుతాడు. ఏ వైరు ఎక్కడ కలపాలో మరిచిపోయి ఒక రైతు మోటారు కాల్చేశాడు, ఆ తర్వాత పిలిచేవాళ్లు తగ్గిపోయారు. తిండి సంగతి మరీ అన్యాయం. జ్యోతి వండిన కూర నోట్లో పెట్టుకున్నాడంటే కుళ్లిన వాసన అని ఉమ్మేస్తాడు. తల్లి పెట్టే చల్లటి సంకటి, మజ్జిగ మాత్రం గమ్మున తింటాడు.

పెట్టుడు మందు అంది ఉరుకుందమ్మ. పట్నం పిల్లలకు తెలియకపోవచ్చు, అందుకని చెబుతున్నా. మనిషిని లొంగదీసుకోవడానికో, పాడుచేయడానికో అన్నంలో కలిపి పెడతారని మనవైపు నమ్మే వస్తువు అది. జుట్టు రాలడం, తిండి సయించకపోవడం, ఒళ్లు చిక్కిపోవడం, మతి నిలవకపోవడం దాని లక్షణాలంటారు. కర్నూలు డాక్టరు చెప్పిన లక్షణాలూ ఇంచుమించు ఇవే. పేరొకటే తేడా. ఆయన దాన్ని కరోనా వదిలి వెళ్లిన బాధ అన్నాడు.

పక్క ఊళ్లో మందు తీసే కంబన్న వచ్చి ఆకు పిసికి పసరు పోశాడు. గడ్డకట్టింది. మందు పడిందన్నాడు. ఇంటి మనిషి చేతి మీదుగానే పడిందన్నాడు. కక్కిస్తాను గానీ, పెట్టిన చెయ్యి ఇంట్లో ఉన్నంతకాలం ఎన్నిసార్లు తీసినా మళ్లీ పడుతుందన్నాడు. అంటే జ్యోతి మైదుకూరుకు, పుట్టింటికి పోవాలి. ఎన్నాళ్లకు రావాలో ఎవరూ చెప్పరు. ఆరేళ్ల కూతురు స్వర్ణ మాత్రం ఇక్కడే ఉంటుందని అత్త ఆ రోజే తేల్చేసింది.

ఇక ఆదివారానికి రండి.

*

పది గంటలకల్లా మారెన్న మోటారు సైకిలు వాకిట్లో ఆగింది. ఆయన ఉరుకుందమ్మకు స్వయానా అన్న, వీరేష్‌కు మేనమామ. కోడుమూరులో విత్తనాల అంగడి. అన్నదమ్ముల గట్టు తగాదాల నుంచి మొగుడూ పెళ్లాల అలకల దాకా ఆ చుట్టుపక్కల ఎవరికి ఏమొచ్చినా ఆయన్ని పిలుస్తారు. కోపంగా మాట్లాడడు, తొందరపడడు. జ్యోతి పెళ్లికి కూడా మైదుకూరు దాకా వెళ్లి మాట్లాడింది ఆయనే. అందుకే ఆయన వస్తున్నాడంటే జ్యోతికి కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం టీ గ్లాసు దగ్గరే సడలిపోయింది.

స్వర్ణను పక్కింటికి పంపేసి, జ్యోతి టీ పెట్టి తెచ్చింది. టీ వాసనకు వీరేష్ మొహం తిప్పుకుని పంచలో ఆ చివరికి జరిగి కూర్చున్నాడు. అది మామూలే. మందు కక్కించడానికి అప్పటికే వచ్చి కూర్చున్న కంబన్న, తాను టీ తాగనని చెప్పి గ్లాసు పక్కకు నెట్టాడు. పోయిన వారం రెండు గ్లాసులు తాగిన మనిషి. మారెన్న గ్లాసు అందుకున్నాడు. అందుకుని, నోటి దగ్గరికి తీసుకుపోబోతూ, ఒక్క క్షణం లోపలికి చూశాడు. ఎనిమిదేళ్లుగా ఆమె చేతి టీ తాగుతున్న మనిషి ఎన్నడూ గ్లాసులోకి చూడలేదు. తర్వాత తాగాడనుకోండి, మొత్తం తాగాడు. కానీ ఆ చూపు జ్యోతి చూసింది. లోపలికి వెళ్లి గోడకు ఆనుకుని కాసేపు నిలబడి, కళ్లు తుడుచుకుని మళ్లీ గడపలోకి వచ్చింది.

ఉరుకుందమ్మ మొదలుపెట్టింది. ఆమెను దుర్మార్గురాలిగా అనుకోకండి. కొడుకు ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజులూ ఆమె మంచినీళ్లు తప్ప ముట్టలేదు. ఆ కొడుకు కళ్ల ముందే పుల్లలా అయిపోతుంటే ఎవరో ఒకరు కారణం కావాలి ఆమెకు. దొరికింది కోడలు. తన చేత్తో పెడితే తింటాడు, పెళ్లాం చేత్తో పెడితే ఉమ్మేస్తాడు, దీనికి ఇంకేం అర్థం ఉందో చెప్పమంది. ఏడాదిగా కోడలి తీరే మారిందంది. పాలు పొంగి మాడిపోతున్నా పలకదట, పొయ్యి ముందే నిలబడి ఎటో చూస్తుందట. మనసులో ఏదో పెట్టుకోకపోతే ఇలా ఎందుకుంటుంది అంది.

ఆ తర్వాత కొంగు చాటు నుంచి ఒక గుడ్డమూట తీసి అన్న ముందు విప్పింది. అందులో నాలుగు చిన్న డబ్బాలు. మాత్రలు అయిపోయాక మిగిలిన ప్లాస్టిక్ డబ్బాలే. ఒకదాంట్లో లవంగాలు, ఒకదాంట్లో నిమ్మతొక్క, ఇంకోదాంట్లో నీలగిరి తైలంలో ముంచిన దూది, నాలుగోదాంట్లో ఎండిన గులాబీ రెక్కలు. పొద్దున లేస్తూనే ఒకసారి, దీపం పెట్టే వేళ ఒకసారి కోడలు వీటిని ఒక్కొక్కటే మొగుడి ముక్కు కింద పెట్టి పెదాలు కదిలిస్తుందంది. తాను కిటికీలోంచి కళ్లారా చూశానంది.

"మంత్రం గాకపోతే ఏందన్నా అది?" అంది ఉరుకుందమ్మ. "నేను అట్ల పోంగానే గమ్మున మూటగట్టి గూట్లో పెట్టేస్తాది."

జ్యోతి ఆ డబ్బాల సంగతి దాచలేదు. పోయిన దీపావళి ముందు తామిద్దరూ కర్నూలు వెళ్లినప్పుడు డాక్టరు చెప్పిన పద్ధతి అది. కరోనా వల్ల వాసన చెడిపోయినవాళ్లు రోజుకు రెండు పూటలా నాలుగు వాసనలు, ఒక్కొక్కటి ఇరవై లెక్కపెట్టేదాకా చూడాలి. మెల్లగా ముక్కు దారికొస్తుంది. పెదాలు కదలడం ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టడానికి. గూట్లో పెట్టింది స్వర్ణ నోట్లో వేసుకోకుండా. తిండి సంగతి కూడా ఆమె విప్పి చెప్పింది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, అంటే ఉల్లి, వెల్లుల్లి, వేయించినదేదైనా అతనికి కుళ్లు వాసన కొడుతోంది. అత్త పెట్టే సంకటిలో, మజ్జిగలో అవి రెండూ ఉండవు. తాను చప్పటి పెరుగన్నం పెట్టిన రోజుల్లో తన చేత్తో కూడా తిన్నాడు.

"ఒక్క పొద్దు గూడా తినల్యా," అంది ఉరుకుందమ్మ.

మారెన్న ఆ డబ్బాలు తిప్పి తిప్పి చూశాడు. లవంగాల డబ్బా వాసన చూశాడు. ఆయనకు జ్యోతి చెప్పింది నమ్మాలనే ఉంది. నమ్మడానికి ఒక్క మాట సాయం కావాలి, అంతే. ఆ మాట చెప్పగలిగినవాడు పంచ చివర గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా వీరేషా, డాక్టరు చెప్పినప్పుడు నువ్వూ ఉంటివి గదా. ఇవి ఆయప్ప చెప్పినవేనా?"

వీరేష్ బొటనవేలి గోరు చూసుకుంటూ ఉన్నాడు.

"గుర్తులేదు మామా," అన్నాడు.

ఇక్కడ నేను ఒక నిమిషం ఆగుతాను. ఎందుకంటే జ్యోతి గుండె కూడా అక్కడే ఆగింది.

వీరేష్‌కు మతిమరుపు ఉన్న మాట నిజం. వారం కిందట కూతురు ఏ తరగతో చెప్పలేకపోయాడు. స్నానం చేసి వచ్చి మళ్లీ నీళ్లు తోడమన్నాడు. డాక్టరే చెప్పాడు, ఇలా కొంతకాలం మాటలు, పనులు జారిపోతుంటాయని. అలాంటి మనిషి గుర్తులేదంటే ఎవరు కాదనగలరు? మామూలు మనిషి అబద్ధమాడితే నిలదీయొచ్చు. మతిమరుపు ఉన్న మనిషి అబద్ధమాడితే పట్టుకునే దారేది?

కానీ జ్యోతి పెళ్లాం. ఏడాదిగా ఆ మరపులన్నిటినీ పక్కనుండి చూసింది. నిజంగా మరిచిపోయినప్పుడు అతను అలా గోళ్లు చూసుకోడు. చిరాకుపడతాడు, తల గోక్కుంటాడు, ఆ మాట ఏందే, ఆ మాట ఏందే అంటూ ఆమె మొహంలోకే చూస్తాడు. పోయిన మాట ఆమె దగ్గర దొరుకుతుందన్నట్టు. ఈ రోజు ఒక్కసారి కూడా ఆమెవైపు చూడలేదు. అత్త మీద, కంబన్న మీద ఇన్నాళ్లూ పెట్టుకున్న అనుమానం మెల్లగా మొగుడి వైపు తిరిగింది. అలా తిరగకూడదని ఎంత అనుకున్నా తిరిగింది.

లోపలికి వెళ్లి ఆస్పత్రి చీటీ తెచ్చింది. మారెన్న కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మాత్రల పేర్లున్నాయి, నెల తర్వాత రమ్మని ఉంది. డబ్బాల మాట లేదు. అది డాక్టరు నోటితో చెప్పిన మాట. నోటి మాటకు సాక్షి వీరేష్, ఆ సాక్షికి గుర్తులేదు.

మారెన్న చీటీ మడిచి తిరిగి ఇచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి, తప్పు ఎవరిదని తాను అనడం లేదనీ, వాడి మనసు కుదుటపడటం ముఖ్యమనీ, ఒక రెండు నెలలు మైదుకూరులో ఉండి వస్తే ఎవరికీ నష్టం లేదనీ చెప్పాడు. పెద్దమనుషులు ఇలాగే చెబుతారు. మెత్తగా చెబుతారు, కాబట్టి తెగిన సంగతి వెంటనే తెలియదు.

"పాప?" అంది జ్యోతి.

"పాపకు బడి ఉండాది గదమ్మా," అన్నాడు మారెన్న.

జ్యోతి తల ఊపింది. ఉరుకుందమ్మ ఊపిరి పీల్చుకుంది. ఏడుస్తుందనుకున్నారు, కాళ్లమీద పడుతుందనుకున్నారు. ఆమె మాత్రం గడప దాటి వచ్చి కంబన్న ముందు కూర్చుని కుడి అరచెయ్యి చాపింది.

"పోతా మామా. పోయేముందు నా చేతిలో గూడా పొయ్యమను పసరు."

*

కంబన్న ఇబ్బందిపడ్డాడు. అది పేషెంటు చేతిలో పోసేదే గానీ ఇంట్లో వాళ్లందరికీ పోసేది కాదన్నాడు. మారెన్న ఎందుకు పోయకూడదని అడిగాడు. కంబన్న కాసేపు నసిగి, పోస్తే పోయొచ్చు గానీ మందు పెట్టినవాళ్ల చేతిలో పసరు కట్టదు, నీళ్లలాగే ఉంటుంది, తర్వాత తనను అనొద్దు అన్నాడు.

ఆ మాట వినగానే ఉరుకుందమ్మ ముందుకు జరిగింది. పొయ్యమంది.

కంబన్న సంచిలోంచి ఆకు తీశాడు. చేలగట్ల మీద అల్లుకునే తీగ ఆకు, మనందరం చూసిందే. గిన్నెలో నీళ్లు పోసి రెండు చేతులతో పిసికాడు. పచ్చటి పసరు దిగింది. గుడ్డలో వడగట్టి జ్యోతి అరచేతిలో కొంచెం పోసి మిగిలింది గిన్నెలోనే ఉంచాడు. మామూలుగా మిగిలిన పసరు వెంటనే పారబోసేవాడు. జ్యోతి ఎడం చెయ్యి గిన్నె మీద పెట్టి, "ఉండనీ అన్నా, తర్వాత నేనే కడుగుతా" అంది.

పంచలో ఐదుగురు. ఎవరూ కదల్లేదు. వీరేష్ కూడా గోరు వదిలేసి ఇటు చూశాడు. జ్యోతి చేతిలో పచ్చటి నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఒక నిమిషం. రెండు. ఉరుకుందమ్మ పెదాలు బిగించి అన్న వైపు చూసింది, చూశావా అన్నట్టు. జ్యోతి చెయ్యి నొప్పి పుట్టి సన్నగా వణుకుతోంది. ఆ వణుకు చూసి మారెన్న కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

జ్యోతి చెయ్యి బోర్లించింది.

పసరు కింద పడలేదు. జున్నులా అరచేతికి అంటుకుని ఉంది. వేలితో మెల్లగా పొడిస్తే కదిలింది తప్ప కారలేదు.

కంబన్న వంగి వంగి చూశాడు. కోడలికి కూడా ఎవరో పెట్టారేమోనని గొణిగాడు. జ్యోతి ఆ మాటకు జవాబు చెప్పకుండా, అత్త చేతిలో కూడా పొయ్యమంది. ఉరుకుందమ్మ ఒప్పుకోలేదు, తనకెందుకంది, చెయ్యి కొంగులో దాచుకుంది. మారెన్న ఒక్కసారి పేరు పెట్టి పిలిచాడు. అన్న మాట మీరడం ఆమెకు అలవాటు లేదు. చెయ్యి చాపింది.

కంబన్న ఇంకొంచెం ఆకు చెంబులో పిసికి పోశాడు. ఈసారి ఇంకా తొందరగా కట్టింది.

"నాక్కూడా పెట్టిందన్నా!" అని ఉరుకుందమ్మ చెయ్యి విదిలించుకుంటూ లేచింది. ఇంటిల్లిపాదికీ పెట్టేసిందని బావురుమంది. నవ్వకండి. ఆ క్షణంలో మారెన్న అంతటి మనిషే తాగిన టీ గుర్తొచ్చి నాలుకతో పళ్లు తడుముకున్నాడు. అనుమానం అంత గట్టిది. ఎదురుగా రుజువు కనబడినా దాన్ని కూడా తనవైపే తిప్పుకుంటుంది.

జ్యోతి కంబన్న ముందున్న గిన్నె తీసుకుంది. అందులో మిగిలిన పసరు వడగట్టాక ఏ మనిషి అరచేతిలోనూ పడలేదు. మారెన్న ముందుకు తెచ్చి గిన్నె తలకిందులు చేసింది. చుక్క రాలలేదు.

"గిన్నెకు నేనేం పెట్టింటా మామా?"

ఆమె గొంతు పెద్దది చేయలేదు. పోయిన వారం కంబన్న వెళ్లాక గిన్నె కడుగుతుంటే అడుగున మిగిలిన పసరు ఒకే ముద్దగా ఊడి వచ్చింది. అప్పుడే ఆమెకు అర్థమైంది, ఆ ఆకు గుణమే అది, ఎక్కడ పోసినా గడ్డకడుతుంది అని. అర్థమై కూడా ఏడు రోజులు నోరు కట్టుకుని ఉంది. అత్తకు ఒంటరిగా చెబితే గిన్నెక్కూడా మంత్రం వేసిందంటుంది. మారెన్న కళ్ల ముందు జరగాలి. ఆ ఏడు రోజులూ రాత్రిపూట తిండి ఎలా తిందో, పక్కన పడుకున్న కూతుర్ని ఎన్నిసార్లు తడుముకుందో ఆమెకే తెలుసు.

కంబన్న గిన్నె అందుకుని వేలితో ముద్దను నొక్కి చూశాడు. మళ్లీ నొక్కాడు. పాపం, ఆ మనిషిలో మోసం లేదు. మోసం చేసేవాడైతే ఏదో ఒకటి వాదించేవాడు.

"మా నాయన జేసినట్లు జేస్తాండా. ఈ గిన్నె వంక మేం యాపొద్దూ సూడల్యా," అన్నాడు. తర్వాత ఆకు సంచి ఒళ్లో పెట్టుకుని తల దించుకుని కూర్చుండిపోయాడు.

*

ఇంత జరిగాక ఎవరైనా జ్యోతి గెలిచిందనుకుంటారు. ఆమెకు మాత్రం గెలిచినట్టు లేదు. గోరు చూసుకుంటూ గుర్తులేదన్న మొహమే కళ్ల ముందు ఉంది. చెయ్యి కడుక్కోలేదు, పచ్చటి ముద్ద ఆరిపోయి చర్మాన్ని లాగుతోంది. అత్త ముందుకు వెళ్లి నిలబడింది.

"అత్తా, ఒక మాట అడుగుతా. నేను మందు పెట్టినానని నీకు మొదట చెప్పింది ఎవురు?"

ఎవరో అన్నారంది ఉరుకుందమ్మ. కొళాయి దగ్గర అనుకున్నారంది. కొళాయి దగ్గర ఎవరని అడిగితే, ఊరంతా అనుకుంటోంది, ఎవరని చెప్పేదంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె కళ్లు కోడలి మీద లేవు, అన్న మీద లేవు. అటు పంచ చివరికి పోయి, అక్కడ తగిలి, వెనక్కి వస్తున్నాయి. దాచేవాళ్లకు కళ్లను దాచుకోవడం రాదు. మారెన్న ఆ చూపు వెంట చూశాడు. జ్యోతి చూడలేదు. చూడాల్సిన పని లేదు, ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

"అమ్మను అడగద్దు," అన్నాడు వీరేష్. "అమ్మకు ఆ మాట చెప్పింది నేనే."

లేవబోయి ఆయాసం వచ్చి మళ్లీ గోడకు ఆనుకున్నాడు. ఉరుకుందమ్మ వద్దు నాయనా అన్నట్టు చెయ్యి ఊపింది. అతను ఆగలేదు.

"నాకంతా గుర్తుండాది మామా. డాక్టరు చెప్పింది గుర్తుండాది, ఇరవై లెక్కబెట్టమన్నెదీ గుర్తుండాది. మోటారు వైర్లు మర్చిపోయినా గానీ, అది మర్చిపోల్యా."

"మరి ఏంటికప్పా ఇట్ల జేస్తివి?" అన్నాడు మారెన్న.

"ఆయప్ప ఇంగొక మాట గూడా అన్నె. ఎప్పటికి తగ్గుతాదో నేను చెప్పలేనప్పా, నెలో ఏడాదో, శానామందికి నిదానంగా తగ్గుతాది అన్నె. నిదానంగా అంటే ఎన్నాళ్లు మామా? నేను బోరు కాడికి పోయి ఎన్నాళ్లైంది? మందు పెట్టింటే ఒక పొద్దులో తీసేస్తారు గదా. అందుకే ఇది మందే అయ్యుండల్ల ఈరన్నా అని మొక్కుకుంటి. అమ్మకు చెప్తి. చెప్పి చెప్పి నేను గూడా నమ్మితి."

ఈ మాటలు రాస్తుంటే నాకు అతని మీద ఒళ్లు మండింది. వెంటనే జాలీ వేసింది. మూడు వందల అడుగుల లోతులో మోటారు ఎందుకు ఆగిందో పైనుంచి చప్పుడు విని చెప్పగలిగిన మనిషి, తన ఒంట్లో ఏమైందో, ఎప్పుడు బాగవుతుందో చెప్పేవాళ్లు లేక ఇలా దిగజారాడు. జాలి సరే. జ్యోతి సంగతేంటి?

ఆమె అతని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చాలా రోజుల తర్వాత అంత దగ్గరగా కూర్చోవడం.

"మందైతే పెట్టినోళ్లుండల్ల. ఆ పెట్టినోళ్లు నేనే అయితానని నీకు తెలుసు గదా?"

అతను తల ఊపాడు.

"పాపను ఈడ పెట్టి నన్ను పొమ్మంటారని తెలుసు గదా?"

"తెలుసు," అన్నాడు వీరేష్.

జ్యోతి లేచింది. ఉరుకుందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మారెన్న ఇక అయిపోయిందనుకున్నాడు. నిజం బయటపడింది, తప్పు ఒప్పుకున్నాడు, కోడలు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆయన పంచాయితీలన్నీ ఇక్కడే ముగుస్తాయి. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, జరిగింది మరిచిపోండి, పాపను పిలిపించండి, అందరూ కలిసి అన్నం తినండి అంటూ చెప్పులు వెతుక్కున్నాడు.

"కూచో మామా," అంది జ్యోతి. "ఇంతసేపు వీళ్ల పంచాయితీ జేస్తివి. నాది ఇంగా మొదలే కాల్యా."

ఆ గొంతు విని మారెన్న కూర్చున్నాడు. ఎప్పుడూ అలా కూర్చోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

జ్యోతి చెప్పింది. పోయిన మే నెలలో వీరేష్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆమె ఇక్కడే ఇంట్లో ఉంది. నాలుగో రోజు జ్వరం వచ్చింది. చెబితే అత్త బెదిరిపోతుందని, పాపను ఎవరూ దగ్గరికి రానివ్వరని చెప్పలేదు. మూతికి గుడ్డ కట్టుకుని, పాపను అత్త దగ్గర పడుకోబెట్టి, వెనక గదిలో రెండు మాత్రలు మింగి పడుకుంది. జ్వరం తగ్గింది. దాంతోపాటు ఇంకొకటి పోయింది.

"ఆ పొద్దు నుంచి నాకు ఏ వాసనా తెలీదు మామా. ఈ పొద్దుకు గూడా తెలీదు. కూర రంగు జూసి, చప్పుడు విని వండుతాండా. పాలు మాడితే నాకెట్ల తెలుస్తాది? ఈయప్పకు డబ్బాలు పెట్టేటప్పుడు నేను గూడా వాసన చూస్తాండా, రోజూ. ఏమీ రాదు."

ఉరుకుందమ్మ ఏడుపు ఆపేసింది. వీరేష్ నోరు తెరిచాడు. తనకెందుకు చెప్పలేదని అడగబోయాడు కాబోలు, ఆమె అడగనివ్వలేదు.

"మెట్లెక్కితే నాకూ రొప్పు వస్తాది. నాకూ తల్లో మాట తప్పిపోతాది. అయితే నేను పడుకుంటే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. ఏడాదిలో ఎవురన్నా అడిగినారా, నీకెట్లుండాది జ్యోతీ అని? ఒక్కరన్నా?"

మారెన్న టీ గ్లాసు వైపు చూసి సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు నాకు నచ్చింది, కానీ దానివల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు.

జ్యోతి చేతికి అంటుకుని ఎండిపోయిన పసరును గోటితో గీకింది. గీకుతూనే, తనను మైదుకూరుకు పంపాల్సిన శ్రమ ఎవరికీ వద్దంది. తాను పోతుంది, కానీ మైదుకూరుకు కాదు. రేపు పొద్దున మొదటి బస్సుకు కర్నూలు ఆస్పత్రికి. ఈసారి పేరు రాయించుకునేది వీరేష్‌ది కాదు, తనది. పాపను కూడా తీసుకుపోతుంది. డాక్టరు ఏం చెప్పినా ఇద్దరు వినాలి, ఒకరు మరిచిపోయినా ఇంకొకరికి గుర్తుండేలా.

"నేను ఒగదాన్నే పోయేది లేదు," అంది. "ఏడాది ఒగదాన్నే పడితి, చాలు. నాతో ఎవురొస్తారో ఇప్పుడే చెప్పండి. ఎవురూ రాకపోతే ఆడినుంచి ఈడికి నేను మళ్లీ రాను."

మారెన్న మేనల్లుడి వైపు చూశాడు. కంబన్న కూడా తలెత్తి అతనివైపే చూశాడు. జ్యోతి చూడకూడదనుకుంటూనే చూసింది. గోడకు ఆనుకున్న వీరేష్ చెయ్యి నేల మీద ఆనించి, బలమంతా కూడగట్టుకుంటున్నాడు.

ముందుగా లేచి నిలబడింది మాత్రం వీరేష్ కాదు.